హుస్సా చెవిన పడకూడని ప్రయాణం

షమ్లాన్‌కు అనుమానం ఉద్యోగంతో వచ్చిందో, అనుమానం ఉందని ఉద్యోగమే అతన్ని వెతుక్కుంటూ వచ్చిందో ఇంట్లో ఎవరూ తేల్చలేకపోయారు. కువైట్ రేవులో కస్టమ్స్ ఇన్‌స్పెక్టరుగా చేరిన కుర్రతనం నుంచి మొన్న పింఛను పుచ్చుకునేదాకా అతను చేసిందల్లా పరాయివాళ్ల పెట్టెలను వేలి కణుపులతో తట్టడం, అడుగున దొంగ అర ఉందో లేదో చెవితో పట్టుకోవడం. రేవును వదిలినా ఆ అలవాటు అతన్ని వదల్లేదు. పుచ్చకాయను తట్టేవాడు, కొత్తగా కొన్న మంచాన్ని తట్టేవాడు, మనసులో ఏదైనా దాచుకుని మాట్లాడేటప్పుడు కుర్చీ చేతిని తట్టేవాడు. ఈ చివరి సంగతి అతనికి తెలియదు, తెలిసినవాళ్లు అతనికి చెప్పలేదు.

ప్రతి చలికాలం బడి సెలవులకు ఆ కుటుంబం ఎడారిలో గుడారం వేసుకుని గడిపేది. ఈసారి మాత్రం కూతురు బషాయిర్‌ది బడిలో ఆఖరి ఏడు. వచ్చే ఏటికి పిల్ల ఎక్కడుంటుందో, తండ్రితో కలిసి నడవడానికి ఇష్టపడుతుందో లేదో. కొడుకు మిషారీకి పదిహేనేళ్లు, వాడిప్పటికే తండ్రి పక్కన కాకుండా పది అడుగులు ముందు నడుస్తున్నాడు. అందుకని పిల్లలిద్దరికీ మంచు పడే ఊరొకటి చూపించాలని షమ్లాన్ పట్టుపట్టాడు. ఇదే మొదటిసారి కాదు. ఇంతకు ముందు రెండుసార్లు బయలుదేరబోయి ఆగిపోయారు. ఒకసారి మిషారీకి కడుపునొప్పి వచ్చి ఆపరేషన్ అయింది, ఇంకోసారి భార్య లుల్వా పాస్‌పోర్టు కనబడకుండా పోయింది. ఈసారి కూడా చెడితే ఇక నలుగురూ కలిసి వెళ్లే యోగం లేనట్టే. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా షమ్లాన్‌కు గుండెలో ముల్లు కదిలినట్టుండేది.

ఆ రెండు ప్రయాణాల సంగతీ ముందుగా తెలిసినది అతని అక్క హుస్సాకి. అది చాలు.

విమానం గాలిలోకి లేచేదాకా ప్రయాణం కబురు బయటపెట్టకపోవడం కువైట్‌లో అందరూ పాటించేదే. దిష్టి అంటే ఎవరికి భయం ఉండదు? కానీ హుస్సా విషయంలో అది జాగ్రత్త కాదు, శాసనం. ఆవిడ పిన్నిగారి కొత్త దీపాల గుత్తిని చూసి "ఎంత బాగుందే" అందిట, వారం తిరక్కుండా అది ఊడి కిందపడింది. ఎదురింటివాళ్ల కారును మెచ్చుకుంటే అది దీపస్తంభానికి గుద్దుకుంది. పెళ్లిళ్ల కబురు ఆవిడకు అందరికంటే ఆఖర్న చేరేది, పురుళ్ల కబురైతే బిడ్డ పాకడం మొదలుపెట్టాక చేరేది. భర్త పోయి, పిల్లల్లేని ఆ మనిషి రెండు వీధుల అవతల ఒంటరిగా ఉంటూ, వారానికోసారి తమ్ముడింటికి గహ్వా, అంటే అరబ్బుల కాఫీ, తాగడానికి వచ్చేది.

"అక్కకు తెలియకూడదు. గుడారానికే వెళ్తున్నాం అని చెప్పండి. నోరు జారారా, ప్రయాణం మానేసి నిజంగానే గుడారంలో కూర్చోబెడతాను" అని షమ్లాన్ భార్యనూ పిల్లలనూ కూర్చోబెట్టి హెచ్చరించాడు. పిల్లలు బుద్ధిగా తలూపారు. అంత బుద్ధిగా ఊపడం అతనికి నచ్చలేదు.

ఆ వారం హుస్సా వచ్చింది. లుల్వా గహ్వా పోసి ఖర్జూరాలు దగ్గరికి జరిపింది.

"గుడారం ఎక్కడ వేస్తున్నారేం ఈసారి?" అడిగింది హుస్సా.

"సాల్మీ రోడ్డు మీదేనక్కా. ఎప్పటి చోటే." షమ్లాన్ వేళ్లు కుర్చీ చేతి మీద టకటకలాడాయి.

హుస్సా ఆ వేళ్ల వంక ఒకసారి చూసి, ఖర్జూరం గింజను పళ్లెంలో పెట్టింది. "చలి గట్టిగా ఉందట. పిల్లలకు మందపాటి కోట్లు ఉన్నాయా?"

"ఎడారి చలికి కోట్లెందుకు? నెగడు వేసుకుంటాం కదా."

"వేసుకోండి, వేసుకోండి. అయినా చెవులు కప్పుకోవడం మంచిది. బూట్ల అడుగు కూడా చూడు, నున్నగా ఉంటే జారుతుంది."

"ఇసకలో జారడమేంటక్కా?"

"ఏమో నాయనా, వయసు మళ్లిందిగా, ఏదో ఒకటి అంటూ ఉంటాను."

ఆవిడ వెళ్లిపోయాక షమ్లాన్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. కోట్లు, చెవులు, బూట్లు. ఎవరో ఊదారు. ఎవరై ఉంటారు? ఇంకో సంగతి కూడా అతని కంట్లో పడింది. చిన్నప్పటినుంచీ హుస్సా గహ్వా చుక్క మిగల్చకుండా తాగే మనిషి. ఈ మధ్య కొన్నేళ్లుగా వచ్చిన ప్రతిసారీ కప్పు అడుగున ఒక గుక్క వదిలేసి లేస్తోంది. మా ఇంటి గహ్వా ఆవిడకు చేదైపోయిందా? మా మీద ఏదైనా మనసులో పెట్టుకుందా?

లుల్వాకు మాత్రం ఆ గుక్క దొరకడమే భాగ్యం. ఎవరి కన్ను పడుతుందని భయమో వాళ్లు తాగి వదిలిన ఎంగిలిని నీళ్లలో కలిపి చల్లితే దిష్టి విరుగుతుందని వాళ్లమ్మ నేర్పింది. వదినగారు గడప దాటీ దాటగానే ఆ కప్పును ముసుగు చాటున వంటింట్లోకి తీసుకుపోయి, నీళ్లు కలిపి, మంచం కింద దాచిన సూట్‌కేసుల మీదా వాటి చక్రాల మీదా చిలకరించింది. "బూ మిషారీ, నీ పెట్టె కాస్త ఇటు తిప్పు, ఆ మూల తడవలేదు" అని, మొగుణ్ని కొడుకు పేరుతో పిలిచి, అతనితో కూడా పని చేయించుకుంది.

ఇక పిల్లల గొడవ. నెలరోజుల పాటు లండన్, లండన్ అని చెవులు తినేసినవాళ్లు ఒకనాటి మధ్యాహ్నం భోజనం దగ్గర లండన్ వద్దన్నారు.

"మ్యూనిక్ వెళ్దాం నాన్నా" అంది బషాయిర్. "లండన్‌లో అందరూ మనవాళ్లే, ఇక్కడున్నట్టే ఉంటుంది."

అది సరిగ్గా లండన్ వద్దంటూ షమ్లాన్ నెల నుంచి అంటున్న మాట. తన మాట తన కూతురి నోట వినపడేసరికి చేతిలోని చేపముక్క చేతిలోనే ఆగిపోయింది.

"మరి అక్కడ ఏం చేస్తారు?"

మిషారీ పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు. రైల్వే స్టేషన్‌కు వెనక వీధిలో బస చేయాలట, ట్రాము అక్కడికే వస్తుందట. ఆదివారం అంగళ్లన్నీ మూసేస్తారు కాబట్టి రొట్టెలు ముందురోజే కొనిపెట్టుకోవాలట. కోట ముందున్న కాలువ గడ్డకడితే జనం దాని మీద నడుస్తారట. "స్టేషన్ దగ్గర టర్కీ ముసలాయన సూపు అంగడి ఉంది నాన్నా. పప్పు సూపు, నిమ్మకాయ పిండుకుని తాగాలి. ఆయన ఉన్నాడో లేడో, ఇప్పుడు కొడుకు నడుపుతూ ఉండొచ్చు."

"ఇదంతా ఎవరు చెప్పార్రా?"

"ఇంటర్నెట్‌లో ఉంది."

"ముసలాయన ఉన్నాడో లేడో అని ఇంటర్నెట్ బెంగపెట్టుకుందా?"

షమ్లాన్‌కు అన్నం సహించలేదు. మగపిల్లాడిని ముందు పెట్టి ఆడపిల్ల వెనక నుంచి నడిపిస్తోందా? ఆ ఊళ్లో చదువుకునే కుర్రాడెవడైనా ఉన్నాడా? లండన్ వద్దు, మ్యూనిక్ కావాలి అంటే ఊరికే అంటారా? ఆ ఆలోచనతో అతనికి ఒళ్లు మండింది, వెంటనే కూతురి ముఖం చూసి సిగ్గేసింది, ఆ సిగ్గు ఆరకముందే మళ్లీ అనుమానం వచ్చింది. రేవులో ఇంతకంటే చిన్న తేడాలకే అతను పెట్టెల అడుగులు ఊడదీయించాడు.

మర్నాడు సాయంత్రం పిల్లలు ఐస్‌క్రీం తెచ్చుకుంటామని కోపరేటివ్ స్టోరుకు బయలుదేరారు. ఐస్‌క్రీం ఇంట్లో ఉంది. షమ్లాన్ చెప్పులేసుకుని, గోడవారగా, దొంగలా వెనకాలే వెళ్లాడు. వాళ్లు స్టోరు దాటారు, మసీదు దాటారు, హుస్సా ఇంట్లోకి దూరారు.

అయిపోయింది అనుకున్నాడు. కుర్రాడెవడో ఉన్నా బాగుండేది, వాడి సంగతి చూసుకునేవాణ్ని. వెళ్లి వెళ్లి ఈ ఇంట్లోనే వాగారు. ప్రయాణం గంగలో కలిసింది. పట్టరాని కోపంతో తెరిచి ఉన్న తలుపు తోసుకుని లోపలికి నడిచి, హాలు గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

హుస్సా దివాను మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కళ్లు రెండూ గట్టిగా మూసుకుంది. మూసిన కళ్లతోనే చెయ్యి గాలిలో చాపి దారి చూపిస్తోంది.

"ఆసుపత్రి గేటు దాటాక ఎడమ పక్కకు తిరగండి. ఎండ పడే వైపే నడవండి, అక్కడ మంచు కరిగి ఉంటుంది. నీడ వైపు జారుతుంది. మీ మామయ్యను చూసుకుని వచ్చేటప్పుడు నేను రెండుసార్లు పడ్డాను."

"అత్తా, ఆ వీధి ఫోటో దొరికింది. ఒక్కసారి కళ్లు తెరిచి చూడు, ఇదేనా?" మిషారీ ఫోను ముందుకు చాపాడు.

"వద్దు నాయనా. నువ్వే చెప్పు. మూల మీద పెద్ద గడియారం ఉందా? ఉంటే అదే."

షమ్లాన్‌కు అప్పుడు గుర్తొచ్చింది. బావను ప్రభుత్వం వైద్యానికి పంపింది మ్యూనిక్‌కే. ఒక చలికాలమంతా అక్క అక్కడ ఉంది, బావ శవంతో తిరిగొచ్చింది. ఆ ఊరు ఎలా ఉంటుందని ఆవిడను ఎవరూ అడగలేదు. అతనూ అడగలేదు. ఇన్నాళ్లకు పిల్లలు వెళ్లి అడిగారు.

"కళ్లెందుకు మూసుకున్నావక్కా?" షమ్లాన్ గుమ్మంలోంచే అడిగాడు.

పిల్లలు గతుక్కుమన్నారు. హుస్సా మాత్రం కళ్లు తెరవలేదు. "వచ్చావా. నేనేమీ చూడలేదురా తమ్ముడూ. పెట్టెలు చూడలేదు, టిక్కెట్లు చూడలేదు. బాగుంటుందర్రా అని ఒక్క మాట కూడా అనలేదు. పిల్లల్ని తిట్టకు. దారి అడిగారు, చెప్పాను."

"వీళ్లే చెప్పారా నీకు?"

"వీళ్లకంటే ముందు నువ్వే చెప్పావు. రెండుసార్లు తప్పిన మంచు ఊరి ప్రయాణం నాకు తెలియనిదా? అబద్ధం ఆడేటప్పుడు నీ వేళ్లు ఊరుకోవు. చిన్నప్పుడు ఖర్జూరాలు దొంగిలించి కూడా అలాగే తట్టేవాడివి."

మిషారీ నవ్వబోయి తండ్రి ముఖం చూసి ఆపుకున్నాడు.

"నేను నిన్నెప్పుడూ ఏమీ అనలేదక్కా."

"అనలేదు. నా మొగుణ్ని నేనే చూసి చూసి చంపుకున్నానని పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు అన్నప్పుడు కూడా నువ్వు అనలేదు. కాదని కూడా అనలేదు."

షమ్లాన్ అక్కడే ఒక పక్కకు కూర్చున్నాడు. "గురువారం పొద్దున వెళ్తున్నాం. విమానాశ్రయానికి నువ్వు వచ్చి మమ్మల్ని సాగనంపాలి."

"లుల్వాను అడిగావా?"

"అడగను."

లుల్వా ఆ సాయంత్రమంతా ఏడ్చినంత పనిచేసింది. "మీ అక్కంటే నాకూ ప్రేమే. కానీ అది నా పిల్లలు ఎక్కే విమానం. ఏదన్నా అయితే నువ్వు తిరిగి తెస్తావా?" అని అడిగింది. అతనికీ భయంగానే ఉంది, ఆ సంగతి భార్యకు చెప్పుకోలేకపోయాడు.

గురువారం పొద్దున హుస్సా నల్లకళ్లద్దాలు పెట్టుకుని విమానాశ్రయానికి వచ్చింది. లోపల ఎండ లేదు, అయినా తీయలేదు. తల వంచుకుని నేల చూస్తూ నడిచింది, పిల్లల్ని ముద్దుపెట్టుకునేటప్పుడు కూడా ముఖం పక్కకు తిప్పుకుంది. పెట్టెలు ఇవ్వడానికి ఇంకా టైముందని అందరూ కాఫీ తెచ్చుకుని వరసగా కూర్చున్నారు. బషాయిర్ అత్త భుజం మీద తల ఆనించింది. లుల్వా పెదవులు కదుపుతూ ప్రార్థన చదువుకుంటోంది.

అంతలో బోర్డు మీద వాళ్ల విమానం వరస ఎర్రగా మారింది. మ్యూనిక్‌లో మంచు తుపాను, విమానం ఆలస్యం, ఎప్పుడన్నది తర్వాత చెబుతారట.

లుల్వా తల తిప్పి హుస్సా వంక చూసింది. షమ్లాన్ గుండె కూడా అదే పని చేసింది. ఇదిగో, నే చెప్పలేదూ అంది. అతని వేళ్లు వాటంతటవే సూట్‌కేసును తట్టడం మొదలుపెట్టాయి. ఆ చప్పుడు హుస్సా విన్నది.

ఆవిడ నెమ్మదిగా వంగి, తన కాగితం కప్పును లుల్వా వైపు చాపింది.

"ఇదిగోనమ్మా. అడుగున కొంచెం ఉంచాను. నీళ్లు ఎక్కడైనా దొరుకుతాయి."

లుల్వా ముఖం పాలిపోయింది. షమ్లాన్‌కు ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక తల ఎత్తలేకపోయాడు. అంటే ఇన్నేళ్లుగా ఆవిడకు తెలుసు. తన ఎంగిలిని ఈ ఇంట్లో ఏం చేస్తున్నారో తెలిసి, వెతుక్కునే పని వాళ్లకు లేకుండా, వచ్చిన ప్రతిసారీ తనకిష్టమైన గహ్వాలో ఒక గుక్క వాళ్లకోసమే వదిలిపెట్టి లేచింది.

లుల్వా చెయ్యి చాపలేదు. షమ్లాన్ ఆ కప్పు అందుకున్నాడు. అడుగున ఉన్నది చల్లారిపోయి, పంచదారంతా దిగి ఉంది. గటగటా తాగేసి, ఖాళీ కప్పును నలిపి జేబులో పెట్టుకున్నాడు.

బోర్డు ఇంకా ఎర్రగానే ఉంది. అతని భయం ఎక్కడికీ పోలేదు. అయినా చెయ్యి చాపి అక్క ముఖం మీది నల్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"విమానం ఇప్పట్లో రాదు గాని, ఆ కాలువ దగ్గరికి దారి మళ్లీ చెప్పక్కా" అన్నాడు. "మిషారీ, ఆ ఫోటోలు తీయరా. ఈసారి అత్త చూసి చెబుతుంది."