పన్ను ఇచ్చి తెచ్చుకున్న పుస్తకం

ఆ రోజుల్లో మా వనపర్తిలో ఒంట్లో బాగాలేని మనిషి ముందుగా అడిగేది "డాక్టరు మంచోడేనా?" అని కాదు, "ఏమిస్తుండు?" అని. (ఇప్పుడు మారిందని నేను అనడం లేదు.) కొత్తగా వెలసిన ప్రైవేటు ఆస్పత్రులు ఒకదాన్ని చూసి ఒకటి, షుగర్ పరీక్షకు టిఫిన్ డబ్బా, గుండె పరీక్షకు గొడుగు, మోకాళ్ల ఎక్స్‌రేకు దుప్పటి ఇచ్చేవి. జనం ఇంట్లో లేని సామాను ఏదో చూసుకుని దానికి తగిన రోగం తెచ్చుకునేవారు. నేనప్పుడు బస్టాండు దగ్గర జిరాక్సు సెంటర్లో డీటీపీ చేసేవాణ్ణి. ఆ కరపత్రాలన్నీ నేనే టైపు చేసేవాణ్ణి. "ఉచితం" అన్న మాట ఎంత లావుగా ఉండాలో వాళ్లు దగ్గర నిలబడి మరీ చెప్పేవారు. డాక్టరు ఏం చదివాడన్నది మాత్రం ఓ మూల చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నా వాళ్లకు అభ్యంతరం ఉండేది కాదు.

వాళ్లను చూస్తే నాకు అసహ్యం. పదో తరగతితో బడి మానేసినా, రోజూ సాయంత్రం గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నవాణ్ణి కదా! అక్కడ ఎనిమిది వందల పేజీల వైద్య గ్రంథం ఒకటి ఉండేది. తల వెంట్రుకలతో మొదలుపెట్టి కళ్లు, ముక్కు, చెవులు పూర్తిచేసి పళ్ల దగ్గరికి వచ్చేసరికి, ఆ అధ్యాయం ఎవరో శుభ్రంగా చించుకుపోయారు. గ్రంథపాలకుణ్ణి నిలదీస్తే ఆయన తాపీగా, "చింపినోనికి పన్ను నొస్తున్నదేమో తమ్మీ. నువ్వు గొంతు కాడికెళ్లి సదువుకో, ఏం గాదు" అన్నాడు. వరస తప్పించి చదవడం నా పద్ధతి కాదు. కాబట్టి నా వైద్య విజ్ఞానం చెవుల దగ్గరే ఆగిపోయింది. (చెవుల దాకా వచ్చిన విజ్ఞానంతోనే నేను ఊరందరికీ సలహాలిచ్చేవాణ్ణి.)

నా ధిక్కారమంతా ఎక్కువగా భరించింది మా మేనత్త. ఆమెకు ఏ డాక్టరు పేరూ తెలియదు. టిఫిన్ డాక్టరు, గొడుగు డాక్టరు, నాగర్‌కర్నూలు కుక్కర్ డాక్టరు, అంతే.

"అత్తా, గిన్నెలిచ్చే వాళ్లకు ప్రాణం అప్పజెప్తావా? సిగ్గనిపిస్తలేదా?" అనేవాణ్ణి.

"సిగ్గెందుకు అల్లుడా? గా కుక్కర్ల వండిన పప్పు నువ్వు రెండుసార్లు ఏయించుకుంటివి, అప్పుడేమాయె సిగ్గు?" అనేది.

అలా ఉండగా నా కుడి దవడ పన్ను ఒకటి సలపడం మొదలైంది. అత్త, "మన సర్కారు దవాఖానల పండ్ల డాక్టరమ్మ ఉన్నది, నిమ్మలంగ చూస్తది, పోయిరా" అంది. పోయేవాణ్ణే. కానీ ఆ మర్నాడే గద్వాల నుంచి ఓ పళ్ల డాక్టరు కరపత్రం టైపుకు వచ్చింది. పళ్లు శుభ్రం చేయించుకుంటే బ్రష్షు, పుచ్చు నింపించుకుంటే గోడ గడియారం, పన్ను తీయించుకుంటే ఒక వైద్య గ్రంథం! ఫోటో చూసి నా వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి. అదే పుస్తకం. గట్టి అట్టతో, ఒక్క పేజీ చిరగకుండా.

"ఇదీ డాక్టరంటే! చదువును గౌరవించే మనిషి" అన్నాను అత్తతో.

ఆమె నన్ను ఎగాదిగా చూసి, "గిది నీ కుక్కరన్నట్టు" అంది.

పెబ్బేరు దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, దవడ పట్టుకుని గద్వాల చేరాను. డాక్టరు నోట్లో లైటు పెట్టి చూశాడు. "చిన్న పుచ్చు. నింపితే గడియారం, తీసేస్తే పుస్తకం. మీ ఇష్టం సార్" అన్నాడు. ఎవరైనా ఆ క్షణంలో పన్ను గురించి ఒక్క ప్రశ్న అడుగుతారు. నేను అడగలేదు. "మా ఇంట్లో గడియారం ఉంది డాక్టర్" అన్నాను.

నోట్లో దూది, చంకలో పుస్తకంతో ఇల్లు చేరేసరికి అత్త బియ్యం ఏరుతోంది. సంగతి విని చేట పక్కన పెట్టేసింది. "అరె పిచ్చోడా! నేను డబ్బా కోసం ఒక సుక్క రక్తమిచ్చిన, గొడుగు కోసం గుండెకు వైర్లు పెట్టిచ్చుకున్న. నిరుడు కడుపుల గడ్డ కోస్తరంటె యాడికి పోయిన? సర్కారు దవాఖానకే పోతి గద! ఇంట్లకు వస్తువు తెచ్చుకునేటందుకు ఒంట్ల వస్తువు ఇచ్చొస్తరా ఎవలన్న?"

నోట్లో దూది సర్దుకున్నాను. గదిలోకి పోయి, ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన పళ్ల అధ్యాయం తెరిచాను. రెండో పేజీలోనే ఉంది: పుచ్చు చిన్నదిగా ఉన్నప్పుడు నింపితే చాలు, పన్ను తీయడం అనవసరం.

ఆ పుస్తకం ఇంట్లో ఉన్నన్నాళ్లూ నాలుక ఊరికే ఆ ఖాళీలోకి పోయేది. చివరికి గ్రంథాలయానికి ఇచ్చేశాను. మొన్న ఏదో పనిమీద అటు వెళ్లి, చూద్దామని తీసి తిప్పాను. జుట్టు ఉంది, కళ్లున్నాయి, ముక్కూ చెవులూ ఉన్నాయి. పళ్ల అధ్యాయం మళ్లీ ఎవరో చించుకుపోయారు. ఎవరో గానీ, నాకంటే తెలివైనవాడు: పేజీలు తీసుకుని పన్ను ఉంచుకున్నాడు. ఆ చదువుకునే హాల్లో ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే, ఎదురుగా కూర్చున్న కుర్రాడు తలెత్తి చూశాడు. గబుక్కున నోరు మూసుకున్నాను, కుడివైపు ఖాళీ కనిపిస్తుందని.