ప్రేమమ్మ పాటలో మూడో చరణం

ప్రేమమ్మకు రష్యన్ భాష ఒక్క ముక్క రాదు. అయినా మా పేటలో రష్యన్ పాట పాడింది ఆవిడొక్కతే. చిన్నప్పుడు శివపార్వతి టీచరుగారింట్లో పాచిపని చేసేది. టీచరుగారి దగ్గర ఒక పాత రికార్డు ఉండేది. మెల్లగా పియానో, దాని మీద ఒకే ఒక్క ఆడగొంతు. రష్యాలో ఎవరో పెద్ద సంగీతకారుడు కట్టిన జోలపాట అని ఆవిడ చెప్పారట. చీపురు పట్టుకుని వినీ వినీ ప్రేమమ్మ మూడు చరణాలూ నోటికి పట్టేసింది. తర్వాత టీచరుగారు పోయారు. రికార్డు ఏమైందో ఎవరికీ తెలియదు.

గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే పని ప్రేమమ్మది. చేతులకెక్కిన ఆ మంట సబ్బుకు పోదు, కొబ్బరినూనెకూ పోదు. ఒకసారి పొరపాటున కూతురు జెస్సీ కన్నీళ్లు వేళ్లతో తుడిచింది. పసిపిల్ల పొద్దుగూకేదాకా గుక్కపట్టి ఏడ్చింది. ఆ రోజు నుంచి ప్రేమమ్మ కూతురి మొహం మీద చెయ్యి వేస్తే ఒట్టు. ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి చుట్టుకుని ఊపుతూ, ఆ పాటతోనే నిద్రపుచ్చేది. రెండో చరణం సగంలోనే జెస్సీ నిద్రపోయేది.

"మూడోదే బాగుంటుందక్కా. దీనికి వినే రాత లేదు" అని నాతో అని నవ్వేది. పక్కింటిదాన్ని, నేనూ సరిగ్గా వినలేదు. అందుకు నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

ఇరవై రెండేళ్ల మిరప ఘాటు ఆ గొంతును తినేసింది. దగ్గినప్పుడల్లా "అలవాటైపోద్దిలే" అన్న మేస్త్రీని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పుడు ఆవిడ నోరు తెరిస్తే గాలే వస్తుంది. ఆవిడ పని మానేసింది, ఆ పనికి ఇప్పుడు జెస్సీ వెళ్తోంది. పాట మొత్తం మనవరాలికి అందాలని ప్రేమమ్మ ఆశ. ఫోన్లో ఎంతో వెతికాం. పేరు తెలియని పాటను ఏమని వెతుకుతాం?

మొన్న సాయంత్రం జెస్సీ పని నుంచి వచ్చేసరికి పిల్ల ఏడుస్తోంది. జెస్సీ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. ప్రేమమ్మ ఎంత జోకొట్టినా పిల్ల ఊరుకోలేదు. జెస్సీ పాట ఎత్తుకుంది. అచ్చం తల్లి గొంతే. పిల్ల ఏడుపు ఆపింది. రెండో చరణం సగంలో జెస్సీ ఆగిపోయింది.

"తర్వాత ఏందమ్మా?"

ప్రేమమ్మ పెదాలు కదిలాయి. జెస్సీ ఆ పెదాలకేసే చూస్తూ అందుకోబోయింది. మాటలు ఒకటీ అరా దొరికాయి, రాగం దొరకలేదు. ప్రేమమ్మ మాత్రం ఆపలేదు. చప్పుడు లేకుండా మూడో చరణం చివరిదాకా పాడింది. పిల్ల కళ్లు తెరుచుకుని అమ్మమ్మ నోటివైపే చూస్తోంది.

జెస్సీ ఏడ్చేసింది. మిరప మంటెక్కిన తన చేతులతో కళ్లు తుడుచుకోవడానికి లేదు కదా. ప్రేమమ్మ లేచి, తన వేళ్లను ఒకసారి చూసుకుని, కూతురి కళ్లు తుడిచింది.