మా మేనత్త పీకలు కోసేది

నిన్నటిదాకా వాట్సాప్‌లో నవ్వే బొమ్మలు తప్ప మరేమీ రాయని నేను ఇవాళ స్మృతివ్యాసానికి పూనుకున్నందుకు తెలుగు పాఠకలోకానికి సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. తప్పు నాది కాదు. గురువారం తెల్లవారుజామున మల్కాజ్‌గిరిలో మా మేనత్త పోయింది. ఇంట్లో తీరుబడిగా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

అత్త ఓ బళ్ళో పిల్లలకు బ్యాండు నేర్పేది. తను వాయించేది క్లారినెట్. దాని మూతికి కట్టే పలుచని రెల్లు బద్దను లోకం రీడ్ అంటుంది. అత్త మాత్రం సన్నాయివాళ్ళలా పీక అనేది. ఓసారి బాల్కనీలో నిలబడి ఫోన్లో, "ఇయ్యాల రాలేనక్కా, రెండు పీకలు కొయ్యాలె" అంది. కింద బట్టలు ఆరేస్తున్న ఆంటీ బకెట్టు వదిలేసి లోపలికి పోయింది. నేను వెళ్ళి, "భయపడకండి ఆంటీ, మనుషులవి కాదు" అని ధైర్యం చెప్పాను. దాంతో ఆమె గడియ కూడా పెట్టుకుంది.

కొత్త పీకను నోట్లో నానబెట్టుకునేటప్పుడు అత్త మాట్లాడేది కాదు. మామయ్య కావాలని అప్పుడే వచ్చి, "మా అక్కోళ్ళింటికి పోదమా?" అనేవాడు. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే లెక్క.

అసలు శబ్దం ఎక్కడ పుడుతుందని నేనోసారి అడిగాను.

"గొట్టం పాడదురా అల్లుడా. గొట్టంల గాలి పాడతది. పీక జెర అదిరి దాన్ని గెలుకుతది, అంతే."

ఊదినప్పుడు పీక మూతి సందును మూస్తూ తెరుస్తూ ఉంటుంది. ఆ అదురుకు లోపలి గాలి ఊగుతుంది. రంధ్రాలు మూసినకొద్దీ ఊగే గాలి పొడుగై స్వరం కిందికి దిగుతుంది. పీకను మరీ గట్టిగా నొక్కిపడితే సందు పూడిపోయి అసలు మోగదు.

పోయినేడు అత్త ఊపిరితిత్తులు మొరాయించాయి. వేళ్ళు బాగానే ఉన్నాయి, ఊదడానికే దమ్ము లేదు. ఒకరోజు క్లారినెట్ నా నోటికి పెట్టి, వెనక కూర్చుని చేతులు ముందుకు చాపింది. "నువ్వు ఊదు, వేళ్ళు నేను పెడత. మోహన రాగం ఒక్కసారి వినాలె."

ఊదాను. బాతు అరిచింది.

"కొరకకురా, అది జిలేబి కాదు."

మళ్ళీ ఊదాను. ఈసారి రెండు బాతులు. అత్త నవ్వింది, నవ్వు దగ్గయింది. అది తగ్గేదాకా మామయ్య వీపు నిమిరాడు.

"ఆదివారం వస్తవా? నేర్పుత" అంది.

"పక్కా వస్త అత్తా."

మేముండే చిలకలగూడ నుంచి మల్కాజ్‌గిరి ఎంత దూరమని? కానీ ప్రతి ఆదివారం నాకేదో ఒక పని దొరికింది. అవేం పనులో ఇప్పుడొక్కటీ గుర్తు లేదు.

నేను రానే లేదని మామయ్య అనుకుంటున్నాడు. వెళ్ళాను, పోయిన ఆదివారం. తలుపు ఓరగా తెరిచి ఉంది. అత్త మంచం మీద కూర్చుని, క్లారినెట్‌ను నోటికి దూరంగా పట్టుకుని, కళ్ళు మూసుకుని వేళ్ళు ఆడిస్తోంది. మీటలు టపటపమని పడి లేస్తున్నాయి. ఇంకే చప్పుడూ లేదు. ఒకచోట ఆగి, నచ్చనట్టు తల ఊపి, అదే వరుస మళ్ళీ అందుకుంది. నేను లోపలికి వెళ్తే అది ఆగిపోతుంది, బాతు మొదలవుతుంది. చెప్పులు విప్పకుండా గడప ఇవతలే నిలబడి, చివరిదాకా విన్నాను. నేను చేసింది అదొక్కటే.