మగ్గం మీద వేడి ఆవిర్లు

2023 ఎండాకాలం. బన్సీలాల్‌పేట్‌లో మా ఇంటి ముందు గదిలో మగ్గం పని నడుస్తోంది. మగ్గం అంటే నాలుగు కర్రల చట్రం. దాని మీద బట్ట బిగించి, కొక్కెం ఉన్న ఆరి సూదితో జరీ, పూసలు కుడతాం. పని నడిచేటప్పుడు ఫ్యాన్ వేయం. గాలికి చమ్కీలు ఎగిరిపోతాయి.

నా దగ్గర పనిచేసే ముగ్గురిలో రజియా చేతికి సాటి లేదు. అప్పుడు ఆమెకు నలభై తొమ్మిదేళ్లు. పెళ్లి జాకెట్టు వీపు మీద నెమలి కుట్టాలంటే ఆమే కుట్టాలి.

ఏప్రిల్‌లో ఒకరోజు ఉన్నట్టుండి ఆమె ముఖం ఎర్రబడింది. మెడంతా చెమటతో తడిసింది. కాసేపటికే వణుకుతూ చున్నీ కప్పుకుంది. పక్కన కూర్చున్న యాదమ్మ నవ్వింది.

"ఏందే రజియా, గింత ఎర్రగయినవ్? మీ ఆయన యాదికొచ్చిండా?"

"ముందు నీ నోరు కుట్టెయ్యాలె," అని రజియా నా వైపు తిరిగింది. "ఏమైతుందో తెల్వదక్కా. లోపల పొయ్యి ముట్టిచ్చినట్టయితుంది."

వారం తిరక్కుండానే ఒక చెమట బొట్టు టిష్యూ సిల్క్ మీద పడింది. ఆ బట్ట మీద పడ్డ మరక పోదు. అక్కడ ఒక ఆకు ఎక్కువ కుట్టి కప్పేశాం. ఆ తర్వాత నేనొక తప్పు చేశాను. ఆమెకు సుఖంగా ఉంటుందని పట్టు పని తీసేసి, నూలు జాకెట్ల చేతి అంచులు ఇచ్చాను. అవి కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే పని. రెండు రోజులు ఆమె తల వంచుకుని అవే కుట్టింది. మూడో రోజు సూదులు సర్దుకుంది.

"నా చెయ్యి ఖరాబైందని మొకం మీదనే చెప్పరాదక్కా. రేపటి సంది రాను."

"చెయ్యి కాదే, నీ తబియత్ చూసి పరేషాన్ అయిన."

"ఈ పని పోతే నాకింకేం వచ్చు?"

మర్నాడు ఆమె ఇంటికి వెళ్లి, నచ్చజెప్పి దవాఖానాకు తీసుకెళ్లాను. డాక్టరమ్మ బీపీ చూసి, థైరాయిడ్ పరీక్ష చేయించింది. రెండూ బాగానే ఉన్నాయి. నెలసరి తప్పుతోందా అని అడిగింది. ఏడాదిగా తప్పుతోందని రజియా నెమ్మదిగా చెప్పింది.

"వీటిని హాట్ ఫ్లాషెస్ అంటారమ్మా, వేడి ఆవిర్లు. నెలసరి ఆగిపోయే వయసులో చాలామందికి వస్తాయి, జబ్బు కాదు. నిద్ర, పని బాగా చెడిపోతే మందులున్నాయి. ముందు ఎప్పుడెప్పుడు వస్తున్నాయో రాసుకోండి. నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనబడితే మాత్రం వెంటనే రావాలి."

కొన్నేళ్ల కిందట నాకూ ఇవే వచ్చాయి. వంటింటి సెగ అనుకుని ఓర్చుకున్నాను. వాటికొక పేరుందని నాకు తెలియదు.

రజియాకు చదువు రాదు. నేను యాభై దాటాక బోయిగూడలో సాయంత్రం బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను, కాబట్టి రాసే పని నాదైంది. ఆవిరి వచ్చిన టైము, అంతకుముందు ఆమె ఏం తిన్నది, ఏం చేస్తున్నది, అన్నీ జాకెట్ కొలతల పుస్తకంలోనే రాశాను. పది రోజులయ్యాక రజియాకు చదివి వినిపించాను. పొగలు కక్కే చాయ్ తాగిన కాసేపటికి. మిరపకాయ బజ్జీలు తిన్న సాయంత్రం. లైటు మెడ దగ్గరికి లాక్కున్నప్పుడు. ఆర్డరు అప్పజెప్పే రోజు తొందరలో. వేళాపాళా లేకుండా వస్తోందనుకున్న దానికి ఒక వరస ఉంది.

చాయ్ చల్లార్చి తాగింది. బజ్జీలు మానేసింది, నైలాన్ బట్టలు వదిలి నూలువి వేసుకుంది. లైటు దూరం జరిపాం. ఆవిర్లు తగ్గాయి గానీ పోలేదు. కొన్ని ఏ కారణం లేకుండానే వచ్చేవి. వాటి కోసం డాక్టరమ్మ నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం నేర్పింది.

కొన్నాళ్లకు, ఆవిరి రాబోతోందని ఆమెకు ముందే తెలిసేది. "వస్తుందక్కా" అని సూది తీసి, పని మీద గుడ్డ కప్పి కళ్లు మూసుకునేది. ఎరుపు మెడ మీదుగా చెవుల దాకా ఎక్కి, మెల్లగా దిగేది. ఒంట్లో అంత మంట లేచి అణుగుతుంటే, ఒళ్లో పెట్టుకున్న ఆ రెండు చేతులు మాత్రం కదిలేవి కావు. నేను పని మరిచి చూస్తూ ఉండిపోయేదాన్ని.

జూన్‌లో ఆమె మళ్లీ పట్టు మీద నెమలి పూర్తి చేసింది. వెలుతురులో పట్టుకుని, ఎక్కడెక్కడ ఆగిందో వేలితో తడిమి వెతికాను. దొరకలేదు.

"ఏడ ఆగినవే?"

"నాకే యాది లేదక్కా. ఏడ ఇడిసిన్నో ఆడనే అందుకున్న."

ఆగని చెయ్యే మంచి చెయ్యి అంటూ ముప్పై ఏళ్లు పనివాళ్లను తొందరపెట్టాను. ఇప్పుడు ఆ మాట అనను. కొలతలకు వచ్చిన ఆడవాళ్లు చెమట తుడుచుకుంటూ సిగ్గుపడితే, ఈ ఆవిర్లు ఎన్నాళ్ల సంది వస్తున్నాయని నేనే అడుగుతాను. చాలామంది ఆ మాట ఎవరైనా అడుగుతారా అని ఎదురుచూస్తున్నట్టు అక్కడే కూర్చుండిపోతారు.