కౌలు చేలో జనుము

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోతున్న బస్సు పంక్చరై, ఒక టమాటా చేను పక్కన ఆగింది. నా పక్క సీట్లోని నడివయసు మనిషి దిగి, నేరుగా చేలోకి పోయి ఒక మొక్కను వేళ్లతో సహా పీకాడు. తిట్లు తింటాడేమోనని నేనూ వెనకే దిగాను.

అతను వేర్ల మట్టి దులిపి నాకు చూపించాడు.

"సూడప్పా, ఒక్క బుడిపె గూడ లేదు. ఈ చేను నేను కౌలుకు సేసేటప్పుడు నులిపురుగు పట్టి వేర్లన్నీ బుడిపెలే. ఆ పురుగు పోవాలని పోయినేడు పంట ఇడ్సిపెట్టి జనుము సల్లినా. పూతకొస్తానే మట్టిలోకి దున్నేసినా. ఆ ఏడంతా నా పెండ్లాం కూలికి పోయి ఇల్లు నడిపింది."

"మరి ఇప్పుడు?"

"మట్టి బాగైందని చేను ఆసామి ఎక్కువ కౌలుకు ఇంకొకరికిచ్చినాడు. నేను ఆదోనిలో పత్తి మూటలు మోస్తాండా."

"నువ్వు అడగలేదా?" నాకు కోపమొచ్చింది.

"నోటిమాట కౌలప్పా. ఏమని అడిగేది?"

డ్రైవర్ హారన్ కొట్టాడు. అతను మొక్కను మళ్లీ అదే గుంతలో పెట్టి, అరచేత్తో మట్టి అదిమి, తన సీసాలోని నీళ్లన్నీ దాని మొదట్లో పోశాడు.

బస్సెక్కాక నా సీసా ఇస్తే వద్దన్నాడు. చేతికంటిన మట్టిని ఆదోని దాకా దులుపుకోలేదు.