పెద్దమ్మ చెప్పిన రెండో భాగం

పక్కింటి పెద్దమ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను సుచిత్ర చౌరస్తా దగ్గర బస్సు ఫుట్‌బోర్డు మీద ఉన్నాను. "పొద్దుగాల పోయిందట బిడ్డ. శామీర్‌పేట కొడుకింటికాడ్నే అన్నీ చేస్తున్నరు. నువ్వు ఇంటికి రాకు, సీదా అటే పో" అంది అమ్మ. ఏదో అడిగాను, ఏమడిగానో గుర్తులేదు. దిగాల్సిన స్టాపు దాటిపోయింది. తర్వాతి స్టాపులో దిగి రోడ్డు పక్కన నిలబడితే మొదట గుర్తొచ్చింది ఆమె ముఖం కాదు, గొంతు. ఆ గొంతు మాకు పదమూడేళ్ళ కిందట ఒక కథ సగం వరకు చెప్పి ఆగిపోయింది. ఆపింది నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె నాకు సొంత పెద్దమ్మ కాదు. మేడ్చల్‌లో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. జీడిమెట్లలో ఒక మందుగోలీల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. ఆరు రోజులు తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి, పొద్దుగూకాక దిగేది. దగ్గరికెళ్తే ఒంటినుంచి చేదు వాసన వచ్చేది. పనికిరాకుండా పోయిన గోలీ పట్టీల వెండి రేకులు మా కోసం తెచ్చేది. వాటిని గుండ్రంగా కత్తిరించి అంగీల మీద అన్నం మెతుకులతో అంటించుకునేవాళ్ళం. ఎందుకంటే నీలంగోడి ఛాతీ మీద అలాంటి బిళ్ళ ఉండేది.

నీలంగోడంటే ఎవరో చెప్పాలి. తొంభైల చివర్లో ఆదివారం మధ్యాహ్నం టీవీలో పిల్లల కోసం ఒక హిందీ సీరియల్ వచ్చేది. అందులో ఒకడు పొద్దంతా గడియారాలు బాగుచేసే దుకాణంలో కూర్చునేవాడు. ఎవరికైనా ఆపద వస్తే నీలం అంగీ తొడుక్కుని గాల్లోకి లేచేవాడు. ఈ సంగతి వాడి చెల్లెలికి తప్ప ఎవరికీ తెలియదు. అసలు పేరేదో ఉంది గానీ మా గల్లీలో వాడు నీలంగోడే.

మా గల్లీ మొత్తానికి టీవీ ఉన్నది పెద్దమ్మ ఇంట్లోనే. ఆదివారం ఆమె తలస్నానం చేసి, తువ్వాలు చుట్టుకుని, చాటలో బియ్యం పోసుకుని మా వెనక కూర్చునేది. ఎనిమిది మందిమి ముందర. బజారులో మాట్లాడే ఉర్దూ అయితే మాకూ కొంత వచ్చు. కానీ ఆ సీరియల్లో వాళ్ళు మాట్లాడేది పుస్తకాల హిందీ. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పెద్దమ్మకు కంపెనీలో పక్కన నిలబడి పనిచేసే ఉత్తరాది ఆడవాళ్ళ దగ్గర హిందీ అబ్బింది. అందుకని ఆమె చెప్పేది, మేము వినేవాళ్ళం.

"ఏమంటుండు పెద్దమ్మా?"

"ఆగుండ్రి. మనిషిని మాట పూర్తి గానియ్యుండ్రి ముందుగాల."

అది ఆమె ఎప్పుడూ అనే మాట. తెర మీద వాడు ముగించేదాకా ఆగి, తర్వాత రెండు ముక్కల్లో చెప్పేది. దుష్టుడు గుహలో నిలబడి అనుచరుల మీద అరుస్తుంటే, "అన్నం ఇంక కాలేదా అని మొత్తుకుంటుండు" అనేది. మేము పడీ పడీ నవ్వేవాళ్ళం. "నిజంగ గట్లనే అన్నడా పెద్దమ్మా?" అంటే, "దుష్టుడైతె ఏంది, కడుపుండదా వానికి?" అనేది. అసలు వాడేమన్నాడో ఆ క్షణాన ఎవరికి కావాలి?

సగంలో కరెంటు పోవడం మామూలే. మొదటిసారి అలా పోయినప్పుడు అందరం ఒక్కసారిగా మూలిగాం. ఆమె మాత్రం బియ్యంలో రాళ్ళేరుతూ, "కరెంటు మనకు వొయ్యింది గని వానికి వొయ్యిందా? వాడు ఎగురుతనే ఉన్నడు" అని కథ సాగించింది. నల్లటి తెర ముందు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాం. వాడు ట్యాంకు పగిలి కొట్టుకుపోతున్న ఊరిని ఎలా ఆపాడో అంతా చెప్పింది. కరెంటు వచ్చేసరికి తెర మీద ఎవరిదో పెళ్ళి జరుగుతోంది. "గా ఊరోళ్ళదే పెండ్లి" అంది పెద్దమ్మ, తల ఎత్తకుండానే.

ఇప్పుడు తలచుకుంటే అంతా అక్కడే మొదలైందనిపిస్తుంది.

మొదటి భాగం అయిపోయింది. కొన్ని నెలల తర్వాత రెండో భాగం వచ్చింది. అప్పుడు నేను ఆరో తరగతి. ఆ రెండో భాగం మా బడిని రెండుగా చీల్చింది. రోడ్డవతలి పిల్లలు దాన్ని చూడటమే మానేశారు. బెంచీల మీద గీసుకున్న నీలంగోడి బొమ్మలకు కోరలు పెట్టారు. ఛాతీ బిళ్ళలు పీకి పారేశారు. మా గల్లీ వాళ్ళం మాత్రం మొదటి భాగం కంటే ఇదే గొప్పదని ఎగిరెగిరి చెప్పేవాళ్ళం. గొడవంతా ఆ చెల్లెలి గురించి.

"సొంత అన్ననే పట్టిచ్చింది. గదేం చెల్లె? థూ!"

"పట్టియ్యలే. దుష్టుని గుహల జొర్రి నాటకమాడుతున్నది. మీకు సమజ్ కాలే."

"ఓహో! హిందీల ఇరవై మార్కులొస్తె పండుగ జేస్కునే మొఖాలు మాకు సమజ్ జేపిస్తున్నయి!"

ఆ మాటన్నది షాహీన్. నా బెంచీలోనే కూర్చునేది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్ల కాబట్టి నాకు ఎదురు చెప్పే దారి లేకపోయింది. అయినా తగ్గలేదు. "మా పెద్దమ్మ ప్రతి మాట చెప్తది. ఆదివారం వచ్చి నువ్వే జూడు. ఎవరిది అబద్ధమో తేలిపోతది" అన్నాను. పెద్దమ్మ అబద్ధం చెబుతుందన్న ఆలోచనే నాకు రాలేదు. ఆమె గౌరవం కాపాడుతున్నానని అనుకున్నాను.

షాహీన్ వచ్చింది. పెద్దమ్మ ఆమెకు చాప మీద చోటు చేసి, చేతిలో బెల్లంముక్క పెట్టి, "ఎవరి బిడ్డవమ్మా?" అని అడిగింది. సీరియల్ మొదలైంది. చెల్లెలు దుష్టుడి కొలువులోకి వచ్చి, మడతపెట్టిన నీలం అంగీ వాడి కాళ్ళ దగ్గర పెట్టి, చాలాసేపు ఏదో మాట్లాడింది. పెద్దమ్మ ఎప్పటిలాగే ఆమె ముగించేదాకా ఆగింది.

"'ఇగో, తీస్కో' అంటున్నది పైకి. మనసుల ఏమనుకుంటున్నదంటె, 'తీస్కోరా, తీస్కో. గిది నిన్న బజార్ల కొనుక్కొచ్చిన అంగీ. అసలుది ఇంట్ల బీరువల ఉన్నది. తాళంచెయ్యి నా దగ్గరున్నది' అని."

మా వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. షాహీన్ నా చెవిలో గుసగుసలాడింది. "గట్ల అనలేదే. మా అన్నను సంపు, రాజ్యంల నాకు సగమియ్యి అన్నది."

బడిలో నెల రోజులుగా నేను వాదించినదంతా, తిన్న తిట్లన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. టీవీకి అడ్డంగా లేచి నిలబడ్డాను.

"పెద్దమ్మా, గామె గట్ల అనలే. అన్నను సంపమన్నది. నువ్వు అబద్ధం చెప్తున్నవ్. అన్ని ఆదివారాలు అబద్ధాలే చెప్పినవ్ మాకు!"

చాటలో ఆమె వేళ్ళు ఆగిపోయాయి. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"గట్లనా?" అంది మెల్లగా. "అయితె నువ్వే చెప్పు బిడ్డ. నేను గూడ ఇంట."

చెప్పాను. షాహీన్ నా చెవిలో చెప్పడం, నేను అందరికీ చెప్పడం. మేము ఒక మాట ముగించేసరికి తెర మీద నాలుగు మాటలు దొర్లిపోయేవి. అంతా నిజమే. అన్న దుష్టుడి గుహలో బందీగా కూర్చుని సత్యం గురించి, ధర్మం గురించి ఉపన్యాసం ఇస్తున్నాడు. ఒకడు ఆవలించాడు. ఇద్దరు గోలీలాడటానికి బయటికి వెళ్ళారు. ఆ భాగాన్ని రోడ్డవతలి పిల్లలు ఎందుకు తిట్టారో ఆ పూట మాకు మొదటిసారి అర్థమైంది.

మర్నాడు బడిలో షాహీన్ నన్ను మోచేత్తో పొడిచింది.

"ఎందుకు లేసినవే? గా బీరువ తాళంచెయ్యి సంగతి ఏమైతదో అని నేను పరేషాన్ల ఉంటె!"

"నువ్వే గదా అబద్ధమని చెప్పినవ్!"

"నీ చెవుల చెప్పిన. లేవమన్ననా? మీ పెద్దమ్మ కథ మస్తుగుండె. మల్ల ఆదివారం గూడ వద్దామనుకున్న."

ఆమె మళ్ళీ రాలేదు. పెద్దమ్మ మళ్ళీ చెప్పలేదు. ఆదివారాలు టీవీ పెట్టేది, చాప పరిచేది, వెనక కూర్చునేది. ఎవరైనా అడిగితే, "నాక్కూడ సమజ్ అయితలేదు బిడ్డ. అక్కనడుగుండ్రి" అని నన్ను చూపించేది. అందులో వెటకారం వెతికాను. లేదు. నిజంగానే ఆ పని నాకు అప్పగించినట్టు అనేది. నాకేమో షాహీన్ లేకపోతే ఒక్క మాట రాదు. రెండో నెలకల్లా గల్లీలో అందరూ ఆ సీరియల్ పనికిమాలినదని తేల్చేశారు. బడిలో చీలిక పోయింది. అందరం ఒకటే మాట మీదికి వచ్చాం.

తర్వాత నేను పెద్దదాన్నయ్యాను. కొంపల్లి దాటి కాలేజీకి వెళ్ళాను. డిగ్రీ అయ్యాక మూడేళ్ళలో నాలుగు ఉద్యోగాలు మారాను. పెద్దమ్మ గోడ మీదుగా చూసి, "ఏ కుర్సీల కూసున్న నిన్ను కుడుతదేందే?" అనేది. అంటూనే గిన్నెలో కూర అందించేది. నేను హిందీ బాగానే నేర్చుకున్నాను. ఇప్పుడు ఆఫీసులో ఢిల్లీవాళ్ళతో గడగడా మాట్లాడతాను. ఆమె చెప్పిన కథ లాంటిది ఆ భాషలో నాకెక్కడా దొరకలేదు. ఒకటి రెండుసార్లు నవ్వుతూ అడిగాను, ఆ తాళంచెయ్యి ఏమైందని. "ఇగ గదంతా ఎందుకే" అని మాట మార్చేసింది.

కొడుకు శామీర్‌పేటలో ఇల్లు కట్టుకున్నాక ఆమె అక్కడికి వెళ్ళిపోయింది. జబ్బు చేసిందని తెలిసి, పోయిన నెల ఒక ఆదివారం వెళ్ళాను. మంచం మీద సగమైపోయి ఉంది. దిండు పక్కన గోలీ పట్టీల గుట్ట.

"జూసినవా? ఇరువై ఏండ్లు గివ్వి డబ్బలల్ల నేనేసిన. ఇప్పుడు నాకేస్తున్నరు" అని నవ్వింది. నవ్వాక ఆయాసం.

ఈసారి నేను నవ్వుతూ అడగలేదు.

"పెద్దమ్మా, గా చెల్లె అన్నను కాపాడిందా? ఇప్పుడన్న చెప్పు."

గుర్తుపట్టడానికి ఆమెకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"నాకేం ఎరుక బిడ్డ?"

"నీ కథనే గదా!"

"సగం మాటలు నాకు సమజ్ గాకపోయేటియి. నిజమే చెప్తున్న. గా సగంల నేను జొర్రేది. వచ్చే ఆదివారం ఏమైతదో నాక్కూడ ఆదివారమే తెలిసేది. మీ మొఖాలు జూసుకుంట చెప్పేటిదాన్ని. మీరు బుగులువడ్డరనుకో, గామెను జల్ది బయటవడేసేది. నవ్వొస్తున్నట్టుంటె ఇంకింత సాగదీసేది." కాసేపు ఊపిరి తీసుకుంది. "నువ్వు లేసినంక నోట్లకెళ్ళి రాలే."

నేరం మోపినట్టు అనలేదు. నిన్న నల్లా రాలేదని చెప్పినట్టు అంది. క్షమించమని అడుగుదామనుకున్నాను. పదకొండేళ్ళప్పుడు అన్న మాటకు ఇరవై నాలుగేళ్ళప్పుడు ఎలా అడగాలో తెలియలేదు. "మందులేసుకున్నవా?" అన్నాను. "ఏసుకున్న తియ్యి" అంది. వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "నిజమే చెప్పినవ్ గని నువ్వు. అన్నను సంపమనే అన్నది గా లంగది" అంది. ఇద్దరం నవ్వాం. అదే ఆఖరు.

శామీర్‌పేటలో ఆమెను సాగనంపి వచ్చాక, వాళ్ళింటి ముందు షామియానా కింద మా గల్లీ వాళ్ళం ఐదుగురం కూర్చున్నాం. ఒకడిప్పుడు సెల్ ఫోన్ల దుకాణం నడుపుతున్నాడు, ఒకామె చంకలో పిల్ల. ఉన్నట్టుండి ఆ పిల్లతల్లి అడిగింది. "అసలు కథల చెల్లె మంచిదేనా, కాదా?" ముగ్గురు మంచిదే అన్నారు, అంగీ బజారుదే అన్నారు. నా నోటి నుంచి ఒక్క మాట రాలేదు.

ఎందుకంటే ఆ రెండో భాగం ఆఖరి ఆదివారం నాకు బాగా గుర్తుంది. గదిలో నలుగురమే మిగిలాం. తెర మీద చెల్లెలు అన్న ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని ఏడుస్తూ ఏదో చెబుతోంది. చాలాసేపు చెప్పింది. ఒక్క మాట మాకు తెలియలేదు. ఎందుకో వెనక్కి తిరిగాను. పెద్దమ్మ టీవీ చూడటం లేదు. నా ముఖం చూస్తోంది. చాట ఒళ్ళో ఉంది, చేతులు కదలడం లేదు. పెదవులు కొంచెం విడివడి ఉన్నాయి. ఏమంటుంది పెద్దమ్మా అని అడిగితే చాలు. అది నాకు అప్పుడే తెలుసు. అడగలేదు. మళ్ళీ టీవీ వైపు తిరిగాను. అక్కడ ఆమె ఇంకా ఏడుస్తూనే ఉంది, ఇంకా చెబుతూనే ఉంది.