ఒక్క చప్పుడుతో పడిన తలుపు

అతను పేకాట ఆడడు. ఆడటం రాదు కూడా. అయినా అతని చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పేకలోని ఇస్పేటు ముక్కలన్నీ రబ్బరు బ్యాండు చుట్టి ఉంటాయి. కారు తలుపుకీ బాడీకీ మధ్య సందు సరిగ్గా ఆ కట్ట మందాన ఉండాలని అతని లెక్క. కట్టను సందులో పెట్టి పైనుంచి కిందికి జారుస్తాడు. ఎక్కడా పట్టకూడదు, ఎక్కడా వదులుగా ఊగకూడదు. పట్టినచోట సుద్దముక్కతో గీత పెట్టి సుత్తి అందుకుంటాడు. అలా షెడ్డులో అందరికీ ఇస్పేటు అయిపోయాడు. తోడబుట్టిన అక్క కూడా అలాగే పిలుస్తుంది.

ఆ షెడ్డు మీది గదిలో నేను అద్దెకుంటున్నాను. ఏ ఊళ్ళోనూ కుదురుగా నిలవని కాళ్ళు నావి. ఇక్కడెందుకు ఆగాయంటే, ఈ షెడ్డు చప్పుళ్ళ వల్లే అనుకుంటాను. చేతిలో పుస్తకం ఉంటుంది గాని చూపంతా కిందే. ఓడల రేవుల్లో తిరిగే రోజుల్లో, ఓడ పొట్టకి రేకులు తాపడం చేసేవాళ్ళను గంటల తరబడి చూస్తూ ఉండేవాణ్ణి. వాళ్ళు రేకును కంటితో చూడరు, అరచేత్తో నిమిరి చూస్తారు. ఇస్పేటుదీ అదే పద్ధతి. నిమిరేటప్పుడు కళ్ళు మూసుకుంటాడు. అప్పుడు పలకరిస్తే పలకడు.

షెడ్డు అతని బావది. బావ ఇంజన్ మేస్త్రి. ఇద్దరికీ ఏనాడో ఒక బండి దగ్గర మాటామాటా పెరిగి, చివరికి అక్క మధ్యలోకొచ్చి పంపకం చేసింది. బండి కింద బావది, పైన తమ్ముడిది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు. ఆ పంపకం ఇద్దరికీ ఎంత నచ్చిందంటే, ఒకే బండి మీద ఒకే సమయంలో ఒకడు పడుకునీ ఒకడు నిలబడీ పని చేసుకుంటూ పోతారు. పైవాడికి కిందివాడి కాళ్ళు కనబడతాయి. కిందివాడికి పైవాడి చెప్పులు కనబడతాయి. మాటలు మాత్రం ఆగవు.

"ఒరేయ్ ఇస్పేటూ, ఆ సుత్తి దెబ్బలకి తుప్పంతా నా కళ్ళలో పడుతోందిరా."

"కళ్ళు మూసుకుని చెయ్యి బావా. రోజూ చేసేది అలాగేగా."

ఈ సంగతి ఒక పళ్ళ డాక్టరమ్మ కారుది. వాళ్ళ నాన్న నడిపిన బండి. ముదురు ఆకుపచ్చ రంగు, బోర్లించిన మూకుడు లాంటి టాపు, ముందు తలుపులకి కీళ్ళు వెనక వైపు. అంటే తలుపు వెనక్కి తెరుచుకుంటుంది. రాజసంగా దిగడానికి బాగుంటుంది గాని, పరుగులో ఉండగా కాస్త విచ్చుకుందా, గాలి దూరి గుంజి పారేస్తుంది. పక్కన కూర్చున్న మనిషికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఆ కాలపు బండికి బెల్టు కూడా లేదు. పక్కన కూర్చోబోయేది డాక్టరమ్మ వాళ్ళ అమ్మ. భర్త బతికున్నన్నాళ్ళూ ఆవిడ అక్కడే కూర్చుంది. ఇప్పుడు చెల్లెలిని చూడటానికి కొండ మీది ఊరికి ఆ బండిలోనే, ఆ సీట్లోనే వెళ్ళాలని పట్టు. ఆ పక్క తలుపు మాత్రం తుప్పుకి జల్లెడైపోయింది.

కొత్త తలుపు చెక్కపెట్టెలో వచ్చింది. ఎక్కడో ఎవరో పాత బళ్ళకి కొత్తగా చేస్తున్న నకలు. ఒకే అచ్చులో పోసిన ముక్క ఏ బండికైనా ఇట్టే అతుకుతుందని యంత్రాల చరిత్ర రాసినవాళ్ళు మురిసిపోతూ రాస్తారు. ఆ ముచ్చట చదివినప్పుడల్లా నాకు ఇస్పేటు మొహం గుర్తొస్తుంది. తలుపును కీళ్ళకి తగిలించి చూస్తే పై మూల బొటనవేలంత బయటికి పొడుచుకొచ్చింది. కింది అంచు గుమ్మానికి తగిలి మూసుకోనే లేదు. వంపు ఒక దారి, బాడీ ఒక దారి.

"ఇది ఈ బండి తలుపు కాదు బావా. దీని పినతల్లి కూతురు తలుపు."

"చుట్టరికం ఉందిగా, కలుపుకో."

కలుపుకోవడానికి చాలా రోజులు పట్టింది. కింది అంచు కోసి, కురచ చేసి, మళ్ళీ అతికాడు. వంపు కోసం ఇసుక సంచి మీద వేసి చెక్క సుత్తితో కొట్టాడు. లప్పం పూసి లోపం కప్పడమంటే అతనికి చెడ్డ అసహ్యం. "లప్పం పెట్టేవాడు మొహానికి పౌడరు కొట్టుకుని షెడ్డుకి రావాలి" అంటాడు. తలుపు లాకు రెండు చప్పుళ్ళది. మొదటి చప్పుడుకి సగం పడుతుంది, రెండోదానికి పూర్తిగా. సగం పడితే తలుపు మూసుకున్నట్టే కనబడుతుంది, నిలుస్తుందన్న నమ్మకం ఉండదు. చివరికి ఒక సాయంత్రం ఇస్పేట్ల కట్ట పైనుంచి కిందిదాకా నూనె రాసినట్టు జారింది. తలుపు వేస్తే టక్, టక్. అతను కళ్ళు మూసుకుని ఇంకోసారి విన్నాడు.

ఆ సాయంత్రం కూడా బండి నేలకి ఎత్తుగా ఇనప స్టాండ్ల మీదే ఉంది. కింద బావ బ్రేకుల పని ఇంకా తెమల్లేదు. ఎప్పటిలాగే పైవాడి పని పైన, కిందివాడి పని కింద.

బండి తీసుకెళ్ళే రోజు పొద్దున్నే బావ స్టాండ్లు తీసి బండి దించాడు. ఇస్పేటు అప్పుడు పెరట్లో ఇంకో బండి బానెట్టు కడుగుతున్నాడు. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి పెద్దావిడ సీట్లో సర్దుకుని కూర్చుంది. వెనక సీటు నిండా చెల్లెలికి పట్టుకెళ్ళే సామాను. పెద్దావిడ ఉలిక్కిపడకుండా బావ అప్పటికే తలుపు మెల్లగా ఒత్తి వేసేశాడు. ఇస్పేటు జేబులోంచి కట్ట తీసి, పై అంచు దగ్గర కాస్త జార్చి డాక్టరమ్మకి గర్వంగా చూపించాడు. కట్ట కొంచెం పట్టింది. కొత్త రంగు మందం అనుకున్నాడు.

డాక్టరమ్మ నవ్వింది. "మా పనీ ఇదేనయ్యా. కాకపోతే పన్ను కట్టాక గట్టిగా కొరకమంటాం. నోరు తెరుచుకున్నప్పుడు ఎవరి పన్నైనా బాగానే కుదురుతుంది. కొరికితేనే అసలు సంగతి."

బండి వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయింది. ఇస్పేటు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. సబ్బు నురగ మోచేతిదాకా ఉండగా ఆగిపోయాడు. షెడ్డు మధ్యలో ఖాళీగా నిలబడ్డ స్టాండ్ల వంక చూశాడు.

"బావా, తలుపు వేసినప్పుడు ఎన్ని చప్పుళ్ళయ్యాయి?"

"పడింది."

"పడింది సరే. ఎన్ని?"

బావ గుడ్డతో పానా తుడుస్తూ ఆలోచించాడు. "ఒకటే అనుకుంటా. పెద్దావిడ కదా అని మెల్లగా వేశాన్రా."

ఇస్పేటు డాక్టరమ్మకి ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు, మోగి మోగి ఆగింది. నడిపేటప్పుడు ఆవిడ ఫోను ముట్టుకోదు, సంచీలో పడేస్తుంది. సంచీ పెద్దావిడ ఒళ్ళో ఉంటుంది. పెద్దావిడకి చెవులు అంతంత మాత్రం.

షెడ్డు వ్యానులో ముగ్గురం ఎక్కాం. నన్నెవరూ రమ్మనలేదు, వద్దనీ అనలేదు. బావ నడుపుతున్నాడు. ఇస్పేటు చేతుల మీద సబ్బు ఆరి తెల్లగా చారలు కట్టింది.

"కాస్త గట్టిగా వేస్తే నీ సొమ్మేం పోయేది?" అన్నాడు.

"నువ్వెక్కడున్నావు? తలుపు నీది. పైపని."

"పెద్దమనిషిలా ఒత్తడమొకటి. కారు తలుపా, పెళ్ళికూతురు బుగ్గా?"

"నోర్మూసుకుని దారి చూడరా."

ఊరు దాటగానే కొండ దారి మొదలైంది. కుడికి తిరిగిన ప్రతి మలుపూ మనిషిని ఎడమ తలుపు మీదికి తోస్తుంది. మామూలుగా ఎవరూ పట్టించుకోని సంగతి అది. ఆ రోజు ప్రతి మలుపుకీ వ్యాను తలుపు నా భుజానికి తగిలినప్పుడల్లా నేను దాని పిడి తడిమి చూసుకున్నాను. బావ, బావమరిది తిట్టుకోవడం మానేశారు. దానికి ఇంకా భయం వేసింది.

మూడు నాలుగు మలుపుల తర్వాత ఆకుపచ్చ టాపు కనబడింది. నెమ్మదిగానే వెళుతోంది. దగ్గరయ్యాక తలుపు ముందంచున ఒక నల్లగీత కనబడింది. తిన్నటి దారిలో సన్నగా దారంలా ఉంది. మలుపులో లావయ్యింది. మళ్ళీ సన్నబడింది. అద్దంలోంచి పెద్దావిడ మోచెయ్యి తలుపు మీద ఆనుకుని ఉండటం తెలుస్తోంది.

బావ చెయ్యి హారను మీదికి వెళ్ళింది. ఇస్పేటు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"కొట్టకు. కంగారుపడి పక్కకి దింపిందంటే, తలుపు తెరుచుకోడానికి ఆ గతుకు చాలు."

"మరేం చెయ్యమంటావు?"

"దాటి ముందుకెళ్ళు. మెల్లగా ఆపించు."

"ముందు మలుపురా. అవతల ఏమొస్తోందో కనబడదు."

"కనబడేదాకా ఆగితే ఆ మలుపు వాళ్ళు తిరిగేస్తారు."

బావ గేరు మార్చాడు. ముసలి వ్యాను మూలుగుతూ ఆకుపచ్చ బండి పక్కకి చేరింది. అవతల నుంచి ఏదీ రాలేదు. వచ్చి ఉంటే ఈ కథ ఇంకెవరైనా రాసేవారు. ముందుకెళ్ళాక బావ బ్రేకు తొక్కకుండా వేగం తగ్గిస్తూ తగ్గిస్తూ మలుపుకి ముందే వ్యాను ఆపాడు. వెనక బండీ ఆగింది.

ఇస్పేటు పరుగెత్తలేదు. నడిచి వెళ్ళి, మాట్లాడకుండా, ముందు తన అరచెయ్యి తలుపు మీద ఆనించి బరువంతా మోపాడు.

పెద్దావిడ అద్దం దించింది. "ఏమయ్యా, ఏమైనా మర్చిపోయావా?"

"అవునమ్మా."

డాక్టరమ్మ దిగి ఇటు వచ్చింది. అతను తలుపు తెరిచి, పెద్దావిడ చెయ్యి లోపలికి పెట్టించి, ఈసారి గట్టిగా, తనకు బలమున్నంతా వేశాడు. టక్. ఇంకోసారి వేశాడు. టక్. ఒకటే.

వ్యాను దగ్గరున్న బావ అది విన్నాడు. ఒక్క మాట అనలేదు. అనడానికి అంతకంటే మంచి సమయం అతనికి జన్మలో దొరకదు, అయినా అనలేదు.

"మా బావ మెల్లగా వేసినందువల్ల కాదండీ," అన్నాడు ఇస్పేటు డాక్టరమ్మతో. "తప్పు నాదే. బండిని గాల్లో నిలబెట్టి తలుపు కుదిర్చాను. పైకెత్తిన బండి ఒక రకంగా వంగుతుంది, నేల మీద మనుషులతో ఉన్నప్పుడు ఇంకో రకంగా. మీరు అన్నారు చూడండి, కొరికి చూడటం. నేను కొరికించలేదు."

డాక్టరమ్మ మొహం పాలిపోయింది. గొంతు మాత్రం పెరగలేదు. "మా అమ్మని దీనికి ఆనించి ఇంత దూరం తీసుకొచ్చాను నేను."

"అవునండీ."

"బండిని లాక్కుపో. మేం వేరే బండిలో వెళతాం."

"నేను వెళ్ళను," అంది లోపల్నుంచి పెద్దావిడ. ఇది మాత్రం వినబడింది ఆవిడకి. "వెళితే ఇందులో, లేకపోతే ఇంటికి."

ఇస్పేటు వెనక సీట్లో సామాను వంక చూశాడు. "ఒక్క మాట చెప్పనా అండీ. ఈ తలుపు కుదరాలంటే ఇదే చోటు. మీరిద్దరూ ఇలాగే కూర్చుని ఉండాలి, సామాను వెనక ఇలాగే ఉండాలి. షెడ్డుకి తీసుకెళితే మళ్ళీ ఖాళీ బండే అవుతుంది."

డాక్టరమ్మ వెళ్ళి స్టీరింగు ముందు తన సీట్లో కూర్చుంది. అది ఒప్పుకోలో కాదో తెలియకపోయినా అతను తలుపు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అతని మడమల వెనక పిట్టగోడ, దాని వెనక లోయ. బావ అడక్కుండానే పనిముట్ల పెట్టె తెచ్చి, అడక్కుండానే స్క్రూ డ్రైవరు చేతిలో పెట్టాడు. పైపనిలో అతను చెయ్యి పెట్టడం నేను చూడటం అదే మొదలు. లాకు వచ్చి పట్టుకునే కొక్కేన్ని విప్పి, నూనె డబ్బా రేకులోంచి ఒక ముక్క కత్తిరించి వెనక దట్టించారు. చాలలేదు, టక్. ఇంకో ముక్క. ఈసారి లాకు అంచు రాసుకుంటోంది. ఆకురాయితో రుద్దాడు. పెద్దావిడ కదలకుండా బిగదీసుకుని కూర్చుంది.

"తుమ్మొచ్చినా ఆపుకోవాలా నాయనా?"

"తుమ్మండమ్మా. ఎంత కదిలితే అంత మంచిది."

చివరికి టక్, టక్. అతను మళ్ళీ వేశాడు. టక్, టక్. బావ వేశాడు, మెల్లగా, షెడ్డులో వేసినట్టే. టక్, టక్.

ఎవరి మొహమూ విప్పారలేదు. అందరం డాక్టరమ్మ వైపు చూస్తున్నాం.

"అమ్మా, నువ్వు కాసేపు వ్యానులో కూర్చో," అందావిడ. తర్వాత ఇస్పేటు వైపు తిరిగి, "నువ్వు ఆ సీట్లో కూర్చో" అంది.

అతను కూర్చున్నాడు. బరువు తగ్గకూడదని నన్ను వెనక సామాను మధ్య ఇరికించారు. బండి కదిలింది. ఇస్పేటు ఎడమచెయ్యి తనకు తెలియకుండానే వచ్చి తలుపు పిడిని పట్టుకుంది.

"చేతులు ఒళ్ళో పెట్టుకో," అంది డాక్టరమ్మ. నోరు తెరవమని చెప్పే గొంతు అది. ఎదురు చెప్పే వీలుండదు.

అతను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. కుడి మలుపు వచ్చింది. ఆవిడ వేగం తగ్గించలేదు, పెంచింది. అతని భుజం, తల, మనిషంతా తలుపు మీదికి ఒరిగాడు. అద్దంలోంచి లోయ అడుగున రాళ్ళు కనబడ్డాయి. అతను కళ్ళు మూసుకున్నాడు. వింటున్నాడని నాకు అర్థమైంది. ఇంజను మోత, టైర్ల కీచు. తలుపు నుంచి ఏ చప్పుడూ లేదు. ఆవిడ ఆపకుండా ఇంకో మలుపు తిప్పింది. దాని తర్వాత ఇంకోటి, రోడ్డు చెడిపోయి గుంతలున్నది. అద్దం పక్కన సందు ఉన్నది ఉన్నట్టే ఉంది.

దారి వెడల్పయిన చోట బండి ఆగింది. వెనకాలే వ్యాను వచ్చి నిలబడింది. పెద్దావిడ బావ చెయ్యి పట్టుకుని దిగి, సంచీ సర్దుకుంటూ వచ్చి, బయటి నుంచి అద్దం మీద వేలితో కొట్టింది.

"ఇక దిగవయ్యా," అంది. "అది నా సీటు."